వెల్డా ఏనుగు, రోజలీ మూత

మా ఊరి వాళ్ళకొక జబ్బుంది. విందుకు పిలిచినా, చర్చిలో శుక్రవారం చేపల వేపుడు పెట్టినా, ఆఖరికి చావింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినా, ముందు ఆ పళ్ళేన్నో కప్పునో తిరగేసి అడుగున ఏ ముద్ర ఉందో చూసుకుంటే గాని వీళ్ళకి ముద్ద దిగదు. కప్పు నిండా కాఫీ ఉంటే ఏం చేస్తారని అడగొచ్చు. నెత్తికంటే పైకెత్తి కిందనుంచి చూస్తారు. చొక్కా మీద ఒలికితే ఒలికింది. ఒహాయో నది ఒడ్డున తరతరాలుగా పింగాణీ కాల్చి బతికిన ఊరు మరి. మన బట్టీల ముద్రయితే తలూపుతారు. పక్క రాష్ట్రం ముద్రయితే చిన్నగా మూలుగుతారు. జపాన్ అని కనబడిందా, ఇక ఆ ఇంటి పరువు ఏట్లో కలిసిందే.

అలాంటి ఊళ్ళో పుట్టి, బట్టీ దగ్గర మంట చూసే మనిషికి కూతురై ఉండి, వెల్డా థోర్లీ తన ముందు గది నిండా జపాన్ సామానే పోగేసింది. బడి వంటింట్లో పిల్లలకు వడ్డించి వడ్డించి రిటైరైన మనిషి. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. పక్కింట్లో తమ్ముడు డ్వైట్ ఉంటాడు. అతనూ అచ్చుల్లో మట్టి పోసి పోసి నడుం విరగ్గొట్టుకున్నవాడే. పొద్దున కాఫీకీ, సాయంత్రం భోజనానికీ అక్క ఇంటికే వస్తాడు. తిన్నంతసేపూ ఆ గది వంక చూసి వెటకారాలాడతాడు.

“అక్కా, నాన్న సమాధిలోంచి లేచొచ్చి ఈ గది చూశాడనుకో. మళ్ళీ ఆయనే నడుచుకుంటూ వెళ్ళి పడుకుంటాడు. మనం మోయక్కర్లేదు.”

“ముందు నోట్లో ఉన్నది మింగి ఏడువు,” అంటుంది వెల్డా.

ఆ సామాను ఏమంత గొప్పదీ కాదు, ఉన్నమాట చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు గడ్డిలో చుట్టి ఓడల్లో తెచ్చి, రైళ్ళలో ఊరూరికీ పంపి, పది సెంట్ల కొట్లలో అమ్మిన చౌక సరుకు. బాతు ఆకారంలో ఉప్పు బుడ్లు, కోతి మోసే సిగరెట్ బూడిద పళ్ళేలు, నీలం కొండా చిన్న పడవా గీసిన టీ కూజాలు. అన్నిటి మీదా నారింజ రంగు మెరుపు పూత. ఎండ పడితే నీళ్ళ మీద నూనె చుక్క తేలినప్పటి రంగులన్నీ దాని మీద కనిపిస్తాయి. మా ఊళ్ళో అందరూ వాటిని తిట్టినవాళ్ళే. తీరా ఎవరైనా పోయాక వాళ్ళ ఇంటి సామాను అమ్మకానికి పెడితే, అందరి అటకల మీదా అవే బయటపడతాయి. శనివారం తెల్లవారకముందే ఆ ఇళ్ళ ముందు వరసలో నిలబడి, తలుపు తీయగానే అందరినీ తోసుకుంటూ వంటింటి అలమర దగ్గరికి పరిగెత్తే మనిషి వెల్డా. ఆమె మోచేతి దెబ్బ తినని వాళ్ళు మా కౌంటీలో తక్కువ.

గదిలో ఉన్నవన్నీ ఒకెత్తు, కిటికీ పక్క అరలో ఉన్న ఏనుగు ఒకెత్తు. అరచేతిలో ఇమిడేంత ఏనుగు. వీపు మీద అంబారీ. అంబారీ లోపల బోలుగా ఉంటుంది, అందులో మాంసంలో నంజుకునే ఆవముద్ద పెట్టుకోవాలి. అంబారీ పైకప్పే దానికి మూత. ఆ మూత లేదు. పైకప్పు ఎగిరిపోయిన ఇంటిలాగా ఆ ఏనుగు వీపున ఒక గుంట తెరుచుకుని ఉంటుంది. వచ్చినవాళ్ళెవరైనా “దీని మూతేదండీ?” అని అడిగితే వెల్డా ముఖం మాడిపోతుంది. ఆ మూత ఒక్కటి దొరికితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనేది ఆమె. నిజంగానే అంత కోరిక.

పోనీ ఆ మూత ఎక్కడుందో తెలియకపోతే అదో రకం. తెలుసు. శుభ్రంగా తెలుసు. కొండ మీది వీధిలో, రోజలీ మన్‌ఫ్రెడీ వంటింటి కిటికీలో ఉంది. అదే కడుపుమంట.

ఇదెలా జరిగిందంటే, వెల్డాకు తొమ్మిదేళ్ళప్పటి మాట. ఆ ఏడు జపాన్ సరుకు పోటీకి తట్టుకోలేక ఊళ్ళో బట్టీలు ఒకటొకటే ఆరిపోయాయి. వాళ్ళ నాన్న బట్టీ కూడా ఆరింది. సెప్టెంబరులో కార్మికుల పండగకు యూనియన్ వాళ్ళు నది ఒడ్డున పిక్నిక్ పెట్టారు. అందులో ఒక స్టాలు. చెక్క మెట్ల మీద జపాన్ సామాను వరసగా పేర్చి, చేతికి చెక్క బంతులిచ్చి కొట్టి పగలగొట్టమనడమే ఆట. ఆ స్టాలు నడిపింది రోజలీ వాళ్ళ నాన్న ప్రీమో. జనం విరగబడ్డారు. పగిలిన ప్రతిదానికీ ఈలలు, కేకలు.

వెల్డా కళ్ళు మాత్రం పై మెట్టు మీది ఏనుగు మీదే ఉన్నాయి. అంత చక్కటి వస్తువు ఆమె అప్పటిదాకా చూడలేదు. ఇంట్లో ఉన్నవన్నీ తెల్లటి గట్టి పళ్ళేలు, గట్టి కప్పులు. నాన్న వంగి ఆమె చేతిలో బంతి పెట్టాడు.

“కొట్టమ్మా. మన నోటికాడి కూడు లాక్కున్నారు. నువ్వే కొట్టు.”

పని పోయిన మనిషి, వేసవంతా నవ్వని మనిషి, ఆ పూట నవ్వుతున్నాడు. కాదనడం ఎలా? కళ్ళు మూసుకుని విసిరింది, తగలదులే అని. తగిలింది. ఏనుగు వెనక్కి ఎగిరిపడింది, జనం గోల చేశారు, నాన్న ఆమెను భుజానికెత్తుకున్నాడు. అందరూ తినడానికి వెళ్ళాక వెల్డా చెక్కల కింద దూరి వెతికితే గడ్డిలో ఏనుగు దొరికింది, చిన్న గీత కూడా లేకుండా. మూత మాత్రం లేదు. గౌనులో దాచుకుని ఇంటికి తెచ్చుకుంది. నేనే దీన్ని పాడు చేశాను, నేనే బాగు చేయాలి అనే మాట ఆ రోజే ఆమె గుండెలో పడింది. ఎవరికీ చెప్పలేదు.

మూత మర్నాడు స్టాలు ఊడ్చిన ప్రీమోకు దొరికింది. బాగుంది కదా అని కూతురికిచ్చాడు. ఆ కూతురు రోజలీ.

ఇద్దరిదీ ఒకే వయసు. రోజలీ పెద్దయ్యాక పళ్ళేల అంచుకు బంగారు గీత గీసే పనిలో చేరింది. పళ్ళేన్ని చక్రం మీద తిప్పుతూ కుంచె ఆనిస్తే చాలు, వెంట్రుకంత గీత మొదలైన చోటే వచ్చి కలిసేది. పెళ్ళి చేసుకోలేదు. ఆమె ఇంట్లో మూత ఉందన్న సంగతి వెల్డాకు నడివయసులో, ఒక పెళ్ళి కూతురి విందుకు ఆ ఇంటికెళ్ళినప్పుడు తెలిసింది. ఏముంది, కిటికీ గట్టు మీద మట్టి ముద్ద. ఆ ముద్దలో మూత బొడిపె గుచ్చి, మూతను వెల్లకిలా నిలబెట్టింది. అందులో చొక్కా బొత్తాలు!

“రోజలీ, ఇది... ఇది ఎక్కడిదే?”

“ఇదా? మా నాన్న ఇచ్చాడు. బొత్తాలకి బాగుంది.”

వెల్డా ఆ పూటంతా ఆ కిటికీ వంకే చూస్తూ కూర్చుంది. విందులో ఏం తిన్నదో కూడా గుర్తు లేదు.

ఆ మర్నాటి నుంచి బేరం మొదలైంది. వారానికొకసారి గురువారం నాడు, కొండ మీద కసాయి కొట్టుకు మాంసానికి వెళ్ళినప్పుడు, రోజలీ తలుపు తట్టడం వెల్డాకు అలవాటైపోయింది. టీ సెట్టు ఇస్తానంది. రోజలీ వద్దంది. రెండు టీ సెట్లు, బాతుల జత ఇస్తానంది. వద్దంది. నా సొమ్మే అది, నేనే పడగొట్టాను, ఏనుగును నేనే తీశాను అంది వెల్డా.

“పడగొట్టినదానివి నువ్వైతే మూత మీద హక్కు నీకెలా వచ్చిందే?” అంది రోజలీ. “స్టాలు మా నాన్నది. లెక్కప్రకారం ఏనుగూ నాదే. తెచ్చి ఇచ్చెయ్.”

“నా ఏనుగు నీకిస్తానా? బొత్తాలు పోసుకుంటావు!”

“పోసుకుంటే? ఆవముద్ద పోసుకునే దాంట్లో బొత్తాలు పోసుకుంటే జైల్లో వేస్తారా?”

“నీకు సామాను మీద ప్రేమ లేదు, ఏమీ లేదు. ఊరికే నన్ను ఏడిపించడానికి పెట్టుకున్నావు దాన్ని.”

“అవునే. సూపు తాగుతావా?”

తిట్టుకుంటూనే తాగేది. రోజలీ చేసే సూపు, చిన్న చిన్న మాంసపు ఉండలూ ఆకుకూరా వేసి కాచేది, మా ఊళ్ళో ఎవరికీ కుదరదు. సోంపు వాసన వేసే పల్చటి బిస్కెట్లు కూడా పెట్టేది. అవన్నీ తిని, మూతి తుడుచుకుని, “నీ మొహం మళ్ళీ చూడను,” అని తలుపు ధడాలున వేసి వచ్చేది వెల్డా. వచ్చే గురువారం మళ్ళీ వెళ్ళేది.

పాస్టరుగారి చేత చెప్పించింది. ఆయన రోజలీ పెట్టిన బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చి, “ఆవిడ వాదనలోనూ కొంత న్యాయముందమ్మా,” అన్నాడు. అప్పటినుంచి వెల్డా చర్చి మార్చేసింది.

కొలంబస్ సంతలో ఒకసారి అచ్చం అలాంటి ఏనుగే దొరికింది, మూతతో సహా. కారు నడుపుతూ దారంతా పాటలు పాడుకుంటూ వచ్చింది. తీరా ఇంటికొచ్చి ఆ మూత తన ఏనుగు మీద పెడితే ఒక పక్క లేచి, ఇంకో పక్క దిగి, వేలితో తాకితే చాలు డబడబలాడింది. ఏ పనివాడు ఏ మూడ్ లో చేశాడో, దేనికది చేత్తో చేసిన సరుకు, దేని మూత దానిదే. పైగా ఆ కొత్త ఏనుగుకు మెల్లకన్ను. వారం తిరక్కుండా దాన్ని ఎవరికో ఇచ్చేసింది.

చివరికి డ్వైట్ కాళ్ళే పట్టుకుంది. “ఒరేయ్, బతుకంతా అచ్చులు పోశావు కదరా. ఒక మూత చేసిపెట్టలేవా?”

“జపాన్ ఏనుగుకి మన మట్టితో మూతా?” అని పగలబడి నవ్వాడు డ్వైట్. కాని చేశాడు, పాపం. కొలతలు తీశాడు, మట్టి పిసికాడు, తెలిసిన వాళ్ళ బట్టీలో కాల్పించాడు. కాలాక మట్టి కుంచించుకుపోతుందని తెలిసినవాడే, ఎంత కుంచించుకుపోతుందో లెక్క తప్పాడు. మూత అంబారీలోకి దిగి లోపల అడుగున కూర్చుంది. దాన్ని బయటికి తీయడానికి ఆదివారమంతా పట్టింది.

“పోనీలే అక్కా. లోపలొక మూత ఉందిలే అని సరిపెట్టుకో.”

ఆ రోజు వెల్డా రొట్టెల కర్ర పట్టుకుని అతని వెంటపడిన మాట నిజం.

ఇన్నేళ్ళ గొడవలో ఆమె చేయని పని ఒకటే. ఏనుగును ఒక్కసారి కూడా రోజలీ ఇంటికి తీసుకెళ్ళలేదు. తీసుకెళ్తే అక్కడే ఉంచేసుకుంటుందని భయం. రోజలీ కూడా అంతే, మూతను గడప దాటనివ్వలేదు. కాబట్టి ఆ రెండూ సరిపోతాయో లేదో కూడా ఎవరూ చూసిన పాపాన పోలేదు.

వెల్డా రిటైరయ్యాక, ఒక ఫిబ్రవరి పొద్దున ఫోను మోగింది.

“వెల్డా, నేనే. ఏనుగుని పట్టుకురా.”

“ఏం? ఎందుకు?”

“మూత ఇచ్చేస్తాను.”

వెల్డా ఫోనుకేసి చూసింది. “నీకేమన్నా పిచ్చి పట్టిందా, తాగావా?”

“నా కళ్ళు పోతున్నాయే. చూపు మధ్యలో మచ్చ పడింది, అది పెద్దదవుతూ ఉంది. ఎండాకాలానికి ఏమీ మిగలదని డాక్టర్ చెప్పేశాడు. ఇప్పుడే ఎవరి వంక చూసినా వాళ్ళ మొహం తప్ప అన్నీ కనబడుతున్నాయి. నీ విషయంలో అది ఒకందుకు మంచిదేలే. కాని ఆ రెండిట్నీ కలిపి ఒక్కసారి చూడాలనుంది. తర్వాత నువ్వే పట్టుకుపో.”

వెల్డా “సరే” అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక కుర్చీలో కూలబడింది. ఈ మధ్య గురువారాల్లో రోజలీ గిన్నె పక్కన సూపు ఒలకబోయడం, సూదిలో దారం పెట్టలేక విసిరికొట్టడం, అన్నీ గుర్తొచ్చాయి. అన్నీ చూసింది. చూసి, “చేతులకేమొచ్చింది నీకు!” అని తిట్టింది కూడా. ఛీ అనిపించింది తన మీద తనకే. ఆ వెంటనే, మూత వస్తోందన్న సంతోషం ఎగదన్నుకొచ్చింది. ఆ సంతోషం చూసి ఇంకా చిరాకేసింది.

మూత వస్తోందని పక్కింటి డ్వైట్‌కు కేకేసి చెప్పి, ఏనుగును రెండు తువ్వాళ్ళలో చుట్టి, రొట్టెల డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను సీటు బెల్టుతో బిగించి కొండెక్కింది. దారంతా మంచు. వెనకనుంచి ఒకడు హారన్ కొడుతుంటే, “నీకేం తెలుసురా, గాడిదా!” అని అద్దం దించి మరీ అరిచింది.

రోజలీ అప్పటికే బల్ల తుడిచి, మూతలోంచి బొత్తాలు తీసేసి, మట్టి కడిగి సిద్ధంగా పెట్టింది. వెల్డా దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకుంది. బొడిపె మీద బంగారు చుక్క, అంచు చుట్టూ గీసిన నీలం గొలుసు. ఏనుగు అంబారీ మీది గొలుసు కూడా అదే.

“పెట్టవే, ఏం చూస్తున్నావ్? పెళ్ళికొడుకునా?”

“ఉండవే. తొందరపెట్టకు.”

మూత అంబారీ మీద ఆనించింది. మొదట కూర్చోలేదు. కొద్దిగా తిప్పింది, ఇంకాస్త తిప్పింది, ఒకచోట అది తనంతట తనే దిగి కూర్చుంది. గొలుసు గొలుసుతో కలిసింది. మధ్యలో సందు లేదు. వేలితో తాకితే కదల్లేదు.

రోజలీ తల పక్కకు తిప్పి, కొస కంటితో, కోడిపెట్ట చూసినట్టు చూసింది. మళ్ళీ ఇటు తిప్పి చూసింది.

“బాగుందే,” అంది. “చాలా బాగుంది. ఇన్నాళ్ళూ మనమెంత వెధవలమే వెల్డా!”

“నేనెందుకు వెధవని? నువ్వు.”

“సరే, నేనే. కిటికీ దగ్గర పట్టుకో, వెలుగులో చూస్తాను.”

వెల్డా ఏనుగును రెండు చేతులతో లేపింది. కిటికీలోంచి మంచు వెలుగు పడి ఆ నారింజ పూత మీద రంగులన్నీ లేచాయి. ఆమెకు నాన్న గుర్తొచ్చాడు. కళ్ళు నిండాయి. ఇదిగో నాన్నా, బాగు చేసేశాను చూడు అనుకుంది. అనుకుంటూ అనుకుంటూ, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఈ ఊరి మనుషుల చేతులకు ఏ అలవాటుందో, మూత లేని ఏనుగును ఇన్నేళ్ళుగా రోజూ తుడిచి తుడిచి ఆ చేతులకు ఏది అలవాటైపోయిందో, ఆ పనే చేసింది.

అడుగున ముద్ర చూడ్డానికి తిరగేసింది.

మూత నేల మీది గచ్చుకు తగిలింది.

రోజలీ తల ఎటో తిప్పింది. “ఏంటే ఆ చప్పుడు?”

వెల్డా ఏనుగును అలాగే తలకిందులుగా పట్టుకుని నిలబడిపోయింది.

“వెల్డా! ఏం పడింది?”

“చెంచా,” అంది వెల్డా. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. “చెంచా పడింది.”

“చెంచానా? ఎవరికి చెబుతున్నావే? మూడు బట్టీల్లో పనిచేశాను. నా కళ్ళు పోయాయి గాని చెవులు పోలేదు. అది పింగాణీ.” రోజలీ వంగి నేల మీద వేళ్ళతో తడిమింది. ఒక ముక్క దొరికింది. బొడిపె. దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ, “తిరగేశావా?” అంది మెల్లగా.

“తిరగేశాను.”

“ముద్ర చూడ్డానికా?”

“ఆ.”

“జపానని నీకు తెలీదా?”

అంతే, వెల్డాకు ఎక్కడలేని దుఃఖం, ఎక్కడలేని కోపం కలిసి వచ్చేశాయి. “తెలుసే! తెలుసు, తెలుసు! నా చేతులు విరగా! ఒకసారి పడగొట్టింది చాలక మళ్ళీ నేనే... ఇన్నేళ్ళు నేనెందుకు తిరిగానే? ఎందుకు అడుక్కున్నానే నిన్ను? నాలుగు నిమిషాలు కూడా ఉంచుకోలేని దానికి ఎందుకే మూత!” అని బల్ల మీద గుద్దింది. గిన్నెలు ఎగిరిపడ్డాయి.

రోజలీ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని వెల్డా ఆగింది. ఏడుపు కాదు, నవ్వు. నవ్వి నవ్వి ఆయాసపడి, ఆ పాడు కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

“నవ్వకే ముదనష్టపుదానా! నవ్వావంటే చంపేస్తాను!”

“ఊరంతా ఎంగిలి కప్పులు తిరగేసే జనమే. చివరికి...” అని మళ్ళీ నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. బొడిపెను బల్ల మీద పెట్టి, దాని వంక చూస్తూ, చూడలేక, పక్కకు చూస్తూ అంది. “మూత పోయింది. ఇక నువ్వు రావుగా.”

“ఏమన్నావ్?”

“ఏమీ లేదు. చీపురు ఆ మూలనుంది, ఊడ్చు.”

వెల్డా ఊడవలేదు. రోజలీ మొహంకేసి చూసింది. ఇన్నేళ్ళూ కిటికీ వంక చూసిందే తప్ప ఆ మొహాన్ని ఇంత సేపు ఎప్పుడూ చూడలేదు. ఎండిపోయిన మొహం. మెడ మీద గుండీ తప్పుగా పెట్టుకుంది. వెనక పొయ్యి మీద ఇద్దరికి సరిపోయే సూపు ఉడుకుతోంది. ఇద్దరికే. ప్రతి గురువారం అంతే కాచేది కాబోలు.

“ఇన్నేళ్ళూ అందుకా ఇవ్వలేదు?” అంది వెల్డా. “అందుకేనా? నోరు తెరిచి, రావే వెల్డా, ఒక్కదాన్నే ఉన్నాను అని చెప్పి చావొచ్చుగా!”

“చెబితే జాలిపడి వచ్చేదానివి. జాలిపడి వచ్చేవాళ్ళు చర్చి నుంచి చాలామంది వస్తారు. మెత్తగా మాట్లాడతారు, పావుగంట కూర్చుని గడియారం చూసుకుంటారు. నువ్వు కోపంతో వచ్చేదానివి, సాయంత్రందాకా ఉండేదానివి.”

వెల్డా చీపురు తెచ్చి ముక్కలన్నీ ఎత్తింది. సూపు పోసుకుంది, రోజలీకీ పోసింది. ఇద్దరూ ఉప్పెక్కువైందా తక్కువైందా అని కాసేపు వాదించుకున్నారు.

ఇంటికొచ్చేసరికి డ్వైట్ వంటింట్లో కుళాయి విప్పి కూర్చున్నాడు. నవ్వుతూ లేచాడు.

“ఏదీ, మహారాణి మూత? చూపించు.”

“లేదు. పగిలిపోయింది.”

“ఎవరు పగలగొట్టారు?”

“నేనే.”

డ్వైట్ ఖాళీ రొట్టెల డబ్బా వంక చూశాడు. “మరి ఏనుగేది?”

“రోజలీ దగ్గరే ఉంది.”

“అదేంటి? మూతెలాగూ లేదు. ఏనుగు కూడా వదిలేసి వచ్చావా? నీ ప్రాణం కదే అది!”

“దానికి కళ్ళు పోతున్నాయిరా,” అంది వెల్డా. కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. డ్వైట్ చేతిలోని పానా కింద పెట్టి దగ్గరికొచ్చాడు.

“ఊరుకో అక్కా. రేపు నేను వెళ్ళి ఏనుగు తెచ్చిపెడతాలే.”

“తెచ్చావంటే కాళ్ళు విరగ్గొడతాను,” అంది వెల్డా, ముక్కు చీదుకుంటూ. “అది ఇక్కడుంటే వచ్చే గురువారం నేనేం వంక పెట్టుకుని వెళ్ళనురా, వెధవా!”